డీలర్ డబ్బు ఎందుకు ఆపాడు: ఒక పైపుల డిస్ట్రిబ్యూటర్ దగ్గర వసూళ్ల కేసు

ఈ కేసు రాస్తానని ఓనర్ గారిని అడిగి ఒప్పించుకున్నాకే రాస్తున్నా. ఊరు, మనుషుల పేర్లు, ఏ బ్రాండ్ పైపులు అమ్ముతారు అన్నవేవీ చెప్పను, అంకెలు కూడా నిష్పత్తి చెడకుండా కాస్త మార్చా. నా పని చిన్న, మధ్యతరహా వ్యాపారాల్లో లెక్కలు, బ్యాంకు లిమిట్లు, స్టాఫ్ ఇన్సెంటివ్‌లు చూసుకోవడం. ఇన్నేళ్లలో చాలా సంస్థలు చూశా గానీ స్టాఫ్ పనితీరు, డబ్బు లెక్క రెండూ ఒకే ముడిలో ఎలా పడతాయో ఇంత స్పష్టంగా కనిపించింది ఇక్కడే.

సంస్థ కోస్తా జిల్లాలో ఉంది. పీవీసీ పైపులు, ఫిట్టింగులు, బోరు మోటార్లు హోల్‌సేల్. మండల సెంటర్లలో ఉండే హార్డ్‌వేర్ షాపులే డీలర్లు, మొత్తం 210 దాకా. ఎనిమిది మంది సేల్స్‌మెన్, ఒక్కొక్కరికి ఒక్కో లైను, అకౌంట్స్‌లో ముగ్గురు, గోడౌన్, రెండు వ్యాన్లు. ఏడాదికి జీఎస్టీ కాకుండా 24 కోట్ల అమ్మకం. రెండేళ్ల క్రితం అది 18 కోట్లే, అంటే బయటినుంచి చూసేవాళ్లకి దూసుకుపోతున్న వ్యాపారం.

నన్ను పిలిచింది ఎందుకంటే

బ్యాంకు నుంచి ఫోన్ వచ్చింది, మీ డ్రాయింగ్ పవర్ తగ్గింది, లిమిట్ కంటే ఎక్కువ వాడేశారు, కట్టండి అని. డ్రాయింగ్ పవర్ అంటే చేతిలో ఉన్న సరుకు, రావాల్సిన బాకీలు చూసి ఎంత వాడుకోవచ్చో బ్యాంకు కట్టే లెక్క. ఓనర్ గారికి ఇది అర్థం కాలేదు, అమ్మకం పెరిగింది, రావాల్సిన బాకీలూ పెరిగాయి, మరి లిమిట్ పెరగాలి గానీ తగ్గడమేంటి అన్నారు. క్యాష్ క్రెడిట్ (సరుకు, బాకీల మీద బ్యాంకు ఇచ్చే అప్పు ఖాతా) వాడే చాలామందికి ఇక్కడే తికమక. నెలనెలా ఇచ్చే స్టాక్ స్టేట్‌మెంట్‌లో బాకీలన్నీ బ్యాంకు లెక్కలోకి తీసుకోదు, వీళ్ల శాంక్షన్ లెటర్ ప్రకారం 90 రోజులు దాటిన బాకీ అంటే సున్నా కిందే లెక్క. వీళ్ల దగ్గర మొత్తం బాకీ 7.8 కోట్లు, అందులో 2.9 కోట్లు 90 రోజులు దాటిపోయింది. అమ్మేకొద్దీ డబ్బు బయట ఇరుక్కుంటోంది, ఇరుక్కున్నకొద్దీ బ్యాంకు ఇచ్చేది తగ్గుతోంది.

ఇక్కడో చిన్న మాట చెప్పాలి, ఎందుకంటే ఈ పొరపాటు నాకు చాలా చోట్ల కనిపిస్తుంది. డబ్బు రావడానికి ఎన్ని రోజులు పడుతోందో వాళ్ల అకౌంటెంట్ 118 అని లెక్క వేసి పెట్టారు, కానీ బాకీలో జీఎస్టీ కలిసి ఉంటుంది, అమ్మకంలో కలపలేదు, రెండూ ఒకే రకంగా తీసుకోవాలి కదా. 18 శాతం కలిపితే అమ్మకం 28.3 కోట్లు, అప్పుడు 100 రోజులు వస్తుంది. రెండేళ్ల క్రితం ఇదే లెక్క 69 రోజులు. అంటే పాత అలవాటు ప్రకారమే నడిచుంటే బయట ఉండాల్సింది 5.4 కోట్ల లోపు, దాదాపు 2.4 కోట్లు అదనంగా ఇరుక్కుంది, పదిన్నర శాతం వడ్డీ చొప్పున ఏడాదికి పాతిక లక్షలు. వాళ్ల నికర లాభం నలభై లక్షల దగ్గరుంది, కాబట్టి ఇది చిన్న విషయం కాదు.

ఓనర్ గారు మొదట అడిగింది చట్టం గురించి. 45 రోజుల్లో కట్టాలని ఎమ్మెస్‌ఎమ్‌ఈ చట్టం ఉంది కదా, మాకు ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాల ప్రభుత్వ నమోదు) ఉంది, డీలర్లకి నోటీసులిద్దాం అన్నారు. 2006 చట్టంలో ఆ గడువు ఉన్న మాట నిజమే, కానీ 2021 జులైలో హోల్‌సేల్, రిటైల్ వ్యాపారులకి ఉద్యమ్‌లో చోటిచ్చింది ప్రాధాన్యతా రంగం అప్పుల కోసం మాత్రమే, ఆలస్యపు చెల్లింపుల రక్షణ సరుకు తయారుచేసేవాళ్లకి, సర్వీసు ఇచ్చేవాళ్లకి గానీ ట్రేడింగ్ చేసేవాళ్లకి రాదు. ఆ దారి మూసుకుపోయింది. అప్పుడాయన రెండో మాట అన్నారు, "మా కుర్రాళ్లకి ఆర్డర్ తేవడం వచ్చు, డబ్బు అడగడం చేతకాదండి. పనితీరు బాలేదు, మీరు ఏదన్నా చెయ్యండి."

నేను వెళ్లేముందే వాళ్లు చేసినవి

మూడు చేశారు. ఫోన్‌లో లొకేషన్ చూపించే అటెండెన్స్ యాప్ పెట్టారు, టార్గెట్లు పెంచారు, 90 రోజులు దాటిన ప్రతి బిల్లుకీ సేల్స్‌మెన్ దగ్గర 500 రూపాయలు కోత పెట్టారు.

ముందు ఆ కోత ఆపించా. చట్టం కోసం సగం, అసలు అది పనిచేయట్లేదు కాబట్టి సగం. జీతంలోంచి మనకి తోచినట్టు కోయడానికి వేతన చట్టం ఒప్పుకోదు, జరిమానా అన్నా దానికో పద్ధతుంది, ఆ నెల వేతనంలో 3 శాతం దాటకూడదు. ఇక రెండోది. ఎనిమిది మందితో విడివిడిగా మాట్లాడినప్పుడు ఒకతను దాపరికం లేకుండా చెప్పాడు, "ఐదొందలు పోతే పోయాయి సార్, టార్గెట్ దాటితే ఆరు వేలొస్తాయి." ఇజ్రాయెల్‌లోని హైఫాలో డే కేర్ సెంటర్ల మీద గ్నీజీ, రుస్టిచీనీ చేసి 2000లో ప్రచురించిన అధ్యయనం గుర్తొచ్చింది. పిల్లల్ని ఆలస్యంగా తీసుకెళ్లే తల్లిదండ్రులకి జరిమానా పెడితే ఆలస్యాలు ఇంకా పెరిగాయి, జరిమానా కాస్తా ఆలస్యానికి కట్టే రేటు అయిపోయింది. ఇక్కడా అంతే, 500 ఇచ్చేస్తే పాత బిల్లు సంగతి మర్చిపోవచ్చు అన్నట్టు తయారైంది.

టాలీ (లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్) తెరిచి తేదీల వారీగా బిల్లింగ్ చూస్తే ఇంకోటి బయటపడింది. నెల అమ్మకంలో 46 శాతం చివరి ఐదు రోజుల్లోనే పడుతోంది, మళ్లీ తర్వాతి నెల మొదటి వారంలో సేల్స్ రిటర్న్‌లు. టార్గెట్‌కి ఒక్క రూపాయి తక్కువైనా ఇన్సెంటివ్ సున్నా, దాటితే ఆరు వేలు, ఇంకా పైకెళ్తే పది వేలు, అందుకని నెలాఖరుకి తెలిసిన డీలర్‌కి ఫోన్ చేసి అన్నా ఈ ఒక్కసారి సరుకు దించుకో, డబ్బు నెమ్మదిగా ఇద్దువు గానీ అని బతిమాలి బిల్లు కొట్టిస్తున్నారు. కుర్రాళ్లు బద్ధకస్తులు కాదు, సంస్థ దేనికి డబ్బులిస్తోందో అది చాలా బాగా చేస్తున్నారు. ఒకదానికి బహుమతి ఇచ్చి ఇంకోటి ఆశించడం గురించి స్టీవెన్ కెర్ 1975లోనే ఒక వ్యాసం రాశాడు, మేనేజ్‌మెంట్ చదివినవాళ్లకి అది తెలిసే ఉంటుంది. అది చదవడం ఒకటి, టాలీ డేబుక్‌లో ఇరవై ఏడో తేదీ నుంచి బిల్లులు గుట్టగా పడటం కళ్లారా చూడటం ఇంకొకటి.

నా మొదటి ప్లాన్, అది ఎందుకు దెబ్బతింది

ఇదంతా చూశాక నాకు దారి తేలిగ్గానే కనిపించింది, అమ్మకం మీద ఇన్సెంటివ్ తీసేసి మొత్తం వసూలు మీద పెడదాం. 60 రోజుల్లోపు వస్తే పూర్తి రేటు, 60 నుంచి 90 మధ్య సగం, 90 దాటితే ఏమీ లేదు. ఓనర్ గారు వెంటనే ఒప్పుకున్నారు, మీటింగ్ పెట్టి చెప్పాం.

మొదటి రెండు నెలలు వసూళ్లు బాగా పెరిగాయి, నేనూ సంతోషపడ్డా. మూడో నెల ఆగిపోయాయి. వచ్చిన డబ్బు ఎక్కడిదో విడదీసి చూస్తే ఎలాగూ టైముకి కట్టే మంచి డీలర్ల దగ్గర నుంచి ఇంకో పది రోజులు ముందు తెచ్చుకున్నారంతే, 90 దాటిన 2.9 కోట్లు మాత్రం కదల్లేదు, దాని మీద రూపాయి రాదు కాబట్టి దాని జోలికి ఎవరూ వెళ్లలేదు. కొత్త డీలర్‌ని పట్టుకునే ఓపిక ఎవరికీ లేకుండా పోయింది, అమ్మకం 11 శాతం పడింది. అన్నిటికన్నా బాధ కలిగించింది ఏంటంటే డెల్టా వైపు లైను చూసే సీనియర్ రాజీనామా చేశాడు. తొమ్మిదేళ్లుగా ఉన్న మనిషి, మొండి బాకీలు ఎక్కువున్న లైను అతనిదే, నా ప్లాన్‌లో అందరికంటే నష్టపోయింది అతనే. వెళ్లేముందు అతను నాతో అన్న మాట, "సార్, డబ్బు అడగడం నాకు రాక కాదు. వాళ్లడిగే దానికి నా దగ్గర సమాధానం లేదు."

ఇన్సెంటివ్ కాగితం మీద గీసేముందు నేను ఒక్క లైనుకి కూడా వెళ్లలేదు. అది నా తప్పు. సంస్థ లెక్కలు చూశా గానీ డీలర్ లెక్క చూడలేదు.

లైను మీద రెండు రోజులు

అతని నోటీస్ పీరియడ్ ఇంకా ఉంది, నన్ను తీసుకెళ్తావా అని అడిగితే సరేనన్నాడు. అతని బండి వెనక కూర్చుని రెండు రోజుల్లో పంతొమ్మిది షాపులు తిరిగాం.

అందులో ఒక్క షాపు గురించి వివరంగా చెప్తా. బాకీ 4 లక్షల 10 వేలు, పాత బిల్లు 140 రోజులది, ఆఫీసు లిస్టులో ఆ పేరు పక్కన ఎర్ర సిరాతో మొండి అని రాసి ఉంది. షాపాయన అరవై దాటిన మనిషి, టీ తెప్పించాడు, డబ్బు మాట ఎత్తగానే గల్లా పెట్టె పక్కనున్న రేకు డబ్బా తీసి మూత తెరిచాడు. లోపల కాగితాలు రబ్బరు బ్యాండ్లు వేసి వేరువేరుగా పెట్టాడు. ఒక కట్ట పగిలొచ్చిన ఫిట్టింగులది, డెలివరీ చలానా మీద వ్యాన్ డ్రైవర్ సంతకంతో సహా. ఇంకో కట్ట రేట్ డిఫరెన్స్‌ది, పైపుల రేటు రెజిన్ ధరని బట్టి మారుతుంటుంది కదా, సరుకు దించిన నాలుగో రోజే రేటు తగ్గితే తేడా ఇస్తామని ఆఫీసు ఫోన్‌లో చెప్పిందట, ఆ తేదీలు రాసుకున్నాడు. మూడోది దసరా స్కీము తాలూకు. మొత్తం కూడితే 38 వేలు.

"మీ బాకీ నేను కాదన్లేదండి, నా బాకీ కూడా మీరు ఒప్పుకోండి. ఇది తేలేదాకా ఆ పాత బిల్లు కట్టను. కట్టేస్తే ఇంక నా కాగితాలు ఎవరు చూస్తారు?"

38 వేల కోసం 4 లక్షలు ఆగాయి. ఆయన వైపు నుంచి ఆలోచిస్తే తప్పేముంది, ఆయన చేతిలో ఉన్న పట్టు అదొక్కటే. పంతొమ్మిది షాపుల్లో పదకొండు చోట్ల ఇదే కథ, డబ్బా బదులు క్యాలెండర్ వెనకో పాలిథీన్ కవర్లోనో అంతే తేడా.

వెనక్కొచ్చి 90 రోజులు దాటిన 2.9 కోట్లని డీలర్ డీలర్‌కీ ఫోన్ చేసి మూడు రకాలుగా విడదీశాం, మూడు వారాలు పట్టింది. ఇలా డీలర్‌కి మనం ఇవ్వాల్సిన క్లెయిము పెండింగ్ ఉన్నందుకు ఆపినవి 1.7 కోట్లు, ఆ క్లెయిములన్నీ కలిపితే 19 లక్షలే. ఏ గొడవా లేకుండా ఊరికే లాగుతున్నవి 75 లక్షలు. నిజంగా కట్టలేని స్థితిలో ఉన్నవి 45 లక్షలు. ఈ విభజన లేకుండా మేం మూడింటికీ ఒకే మందు వేస్తూ వచ్చాం.

క్లెయిములు ఎందుకు ఆగాయి

క్రెడిట్ నోట్ (డీలర్ బాకీలో ఇంత తగ్గించామని ఇచ్చే కాగితం) ఎంత చిన్నదైనా ఓనర్ గారి సంతకం కావాలి. ఆయన పొద్దున గోడౌన్లో, మధ్యాహ్నం బ్యాంకులో, అకౌంట్స్‌లో ఆ పని చూసే అమ్మాయి ఫైలు పట్టుకుని ఎదురుచూస్తూ ఉంటుంది. ఆయన ఆలోచన కూడా తీసిపారేసేది కాదు. పైపుల కంపెనీ నుంచి మనకి రేటు తేడా వచ్చాక డీలర్‌కి ఇద్దాం అన్నది ఒకటి, సేల్స్‌మెన్ డీలర్లతో కలిసి దొంగ క్లెయిములు పెడతారేమో అన్న భయం ఇంకోటి, గతంలో ఒకసారి అలా జరిగింది కూడా. అందుకే ఆ భయం తీరకుండా ఆయన అధికారం వదలరని నాకు అర్థమైంది, అప్పుడు ఇలా ఒప్పందానికి వచ్చాం: 5 వేల లోపు క్లెయిము అయితే ఫోటో, చలానా కాపీ ఉంటే చాలు, అకౌంట్స్ హెడ్ ఏడు రోజుల్లో పాస్ చెయ్యాలి, ఆపైవి ప్రతి గురువారం ఓనర్ గారు కూర్చుని తేల్చాలి, పాసైన వాటిలో పదింటికి ఒకటి ఆయనే డీలర్‌కి ఫోన్ చేసి సరిచూసుకుంటారు. రేట్ డిఫరెన్స్ ఎన్ని రోజుల సరుకుకి వర్తిస్తుందో ఒక కాగితం మీద రాసి ప్రతి డీలర్‌కీ పంపాం, అప్పటిదాకా అది నోటిమాటే. ఆ సరిచూడటంలో రెండు దొంగ క్లెయిములు దొరికాయి, ఆయన భయం ఊరికే కాదని తేలింది, అవి రెండూ కలిపి 7 వేలే అని కూడా తేలింది.

పాత క్లెయిముల్లో ఒక చిక్కు వచ్చింది. జీఎస్టీతో క్రెడిట్ నోట్ ఇచ్చి ట్యాక్స్ తగ్గించుకోవాలంటే ఆ ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే నవంబర్ 30 లోపు రిటర్న్‌లో చూపించాలి, కొన్నింటికి ఆ గడువు దాటిపోయింది. వాటికి జీఎస్టీ లేకుండా మామూలు కమర్షియల్ క్రెడిట్ నోట్ ఇచ్చాం, డీలర్ తీసుకున్న ఐటీసీ (కొన్నప్పుడు కట్టిన జీఎస్టీని తన ట్యాక్స్‌లో తగ్గించుకోవడం) వెనక్కి కట్టక్కర్లేదు కాబట్టి రెగ్యులర్ స్కీములో ఉన్నవాళ్లు సరేనన్నారు. కంపోజిషన్‌లో ఉన్న, అంటే ఐటీసీ తీసుకునే వీల్లేని, నలుగురికి ఆ ట్యాక్స్ భాగం సంస్థే భరించింది. టైముకి ఇచ్చుంటే ఈ ఖర్చు ఉండేది కాదు.

ఊరికే లాగుతున్న 75 లక్షలకి వేరే దారి పట్టాం. సరుకు కొన్నవాళ్లు బిల్లు తేదీ నుంచి 180 రోజుల్లో సప్లయర్‌కి డబ్బు కట్టకపోతే తీసుకున్న ఐటీసీ వడ్డీతో సహా వెనక్కి కట్టాలి. ఆ గడువు ఏ బిల్లుకి ఏ తేదీన వస్తుందో స్టేట్‌మెంట్‌లో చూపించి ప్రతి నెలా పంపడం మొదలుపెట్టాం, బెదిరింపు మాట ఒక్కటి కూడా లేకుండా. డీలర్ల ట్యాక్స్ కన్సల్టెంట్లే మిగతాది చెప్పారు.

ఇన్సెంటివ్ రెండోసారి

ఈసారి ముందు సేల్స్‌మెన్‌తో కూర్చుని గీశాం. సగం అమ్మకం మీద, సగం వసూలు మీద, టార్గెట్ దాటితేనే అనే గీత తీసేసి ప్రతి రూపాయికీ ఒకే రేటు, రిటర్న్‌లు అందులోంచి మైనస్. 90 దాటిన పాత బాకీ తెచ్చినా రేటు ఉంటుంది. ముఖ్యమైన మార్పు ఇంకోటుంది, డీలర్ క్లెయిము పెట్టిన రోజు నుంచి ఆ బిల్లు సేల్స్‌మెన్ లెక్కలోంచి తీసి ఆఫీసు లెక్కలోకి వేస్తాం, ఏడు రోజులు దాటితే అకౌంట్స్ వాళ్ల బోనస్‌లో అది కనిపిస్తుంది. అకౌంట్స్ వాళ్లు మొదట గొణిగారు, ఓనర్ గారు గురువారం కూర్చోకపోతే ఆ దెబ్బ మా మీద పడుతుందా అని అడిగారు, న్యాయమైన ప్రశ్న. అందుకే ఓనర్ దగ్గర ఆగినవి వాళ్ల లెక్కలో వెయ్యకుండా విడిగా ఒక కాలమ్‌లో చూపించడం పెట్టాం.

క్రెడిట్ లిమిట్ కూడా పెట్టాం, దాటితే టాలీలో బిల్లు పడదు. మూడో వారంలోనే ఓనర్ గారు స్వయంగా లాక్ తీయించి ఒక దగ్గరి బంధువు షాపుకి సరుకు పంపారు, ఆ షాపు కట్టలేని వాళ్ల లిస్టులో ఉంది. సేల్స్‌మెన్ అందరికీ మధ్యాహ్నానికే తెలిసిపోయింది. నేను ఆయనతో వాదించలేదు, చుట్టరికం నాకు తెలియంది కాదు, పండగకి ఎదురుపడే మనిషిని కాదనడం కష్టం. లాక్ తీసినప్పుడల్లా ఎవరు తీశారు, ఎందుకు తీశారు అని ఒక రిజిస్టర్లో తన చేత్తో రాయాలన్న ఒక్క నియమం అడిగా. తర్వాతి ఆరు నెలల్లో ఆయన రాసినవి నాలుగే.

తొమ్మిది నెలలకి

బాకీ 7.8 నుంచి 5.9 కోట్లకి దిగింది, రోజుల లెక్కన 76. క్లెయిములున్న 1.7 కోట్లలో 1.5 వరకు వచ్చేసింది, దానికి సంస్థ ఇచ్చిన క్రెడిట్ నోట్లు 17 లక్షలు. నెలాఖరు ఐదు రోజుల బిల్లింగ్ 31 శాతానికి తగ్గింది, అమ్మకం పాత స్థాయికి వచ్చింది గానీ పెరగలేదు. కట్టలేని 45 లక్షల్లో 18 లక్షలు రానిబాకీగా రాసేశాం.

ఇదంతా మేం చేసినదాని వల్లే అని నేను అనలేను. మధ్యలో వేసవి బోర్ల సీజన్ వచ్చింది, అప్పుడు డీలర్ల చేతిలో డబ్బు తిరుగుతుంది. ముంబై దగ్గర బట్టల మిల్లుల్లో బ్లూమ్ బృందం చేసి 2013లో ప్రచురించిన ప్రయోగంలో కొన్ని మిల్లులకి మేనేజ్‌మెంట్ పద్ధతులు నేర్పి కొన్నిటిని పోల్చడానికి అలాగే ఉంచారు, అందుకే మొదటి ఏడాది ఉత్పాదకత 17 శాతం పెరిగిందని గట్టిగా చెప్పగలిగారు. నా దగ్గర ఉన్నది ఒకే సంస్థ. నేను గట్టిగా చెప్పగలిగేది ఏంటంటే క్రెడిట్ నోట్ అందిన డీలర్లు ఎక్కువమంది రెండు వారాల్లోపే పాత బిల్లు కట్టారు, అది సీజన్‌కి ముందే జరిగింది.

రాజీనామా చేసిన ఆ సీనియర్ దగ్గర ఒక డైరీ ఉండేది, ఏ షాపాయన ఏ తేదీన ఏం క్లెయిము అడిగాడో, తను ఆఫీసులో ఎవరికి చెప్పాడో మూడేళ్లుగా రాసుకున్నాడు. వెళ్లే రోజు అది అకౌంట్స్ అమ్మాయి చేతికిచ్చి వెళ్లాడు. కాగితాలు పోయిన ఇరవై మూడు క్లెయిములు ఆ డైరీని బట్టే తేల్చాం. ఓనర్ గారు నా ప్లాన్ వల్ల అతను నష్టపోయిన మూడు నెలల ఇన్సెంటివ్ పాత లెక్క ప్రకారం కట్టి పంపారు, మళ్లీ రమ్మని ఫోన్ కూడా చేశారు. అతను అప్పటికే వేరే సంస్థలో చేరిపోయాడు, రాలేదు.